క్షమకు ముందు న్యాయనిర్ణయము: పాలకాపరాధములపై ఒక పరిశీలనము

రాజ్యాధికారమును చేపట్టినవాడు ఆ అధికారబలముననే నేరమొనర్చి, పదవీచ్యుతుడై ప్రజలయెదుట నిలిచినపుడు, అతనిని క్షమించి దేశమునకు శాంతి చేకూర్చుటయా, సామాన్యునివలె విచారించి దండించుటయా అను ప్రశ్న ఇరువదవ శతాబ్దమున పెక్కు దేశములను కలచినది. ఈ రెండింటిలో నొకదానిని గ్రహించి రెండవదానిని విడువవలయునని తలచుట పరిపాటి. నిజమునకు వీనియందు విరోధము లేదనియు, పౌర్వాపర్యమే ప్రధానమనియు, నేరము నిర్ణీతమైన పిమ్మట వచ్చు క్షమ ఔదార్యము కాగలదనియు, అంతకు ముందే వచ్చునది సత్యమును కప్పివేయుననియు నిరూపించుట ఈ వ్యాసమునకు లక్ష్యము.

వాటర్‌గేట్ వ్యవహారమున చిక్కుకొని 1974 ఆగస్టు 9న రాజీనామా చేసిన అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌కు, ఆయన స్థానమున వచ్చిన జెరాల్డ్ ఫోర్డ్ ఒక నెల తిరుగకమునుపే, సెప్టెంబరు 8న, పదవీకాలమున చేసిన, చేసియుండగల సమాఖ్యనేరము లన్నిటికిని సంపూర్ణక్షమాభిక్ష నొసగెను. అప్పటికి నిక్సన్‌పై అభియోగపత్రమైనను దాఖలు కాలేదు. విచారణ దీర్ఘకాలము సాగి దేశమును మరింత చీల్చునని ఫోర్డ్ భావించెను. ఆ భావనయందు కపటమున్నదని చెప్పుటకు నాకు ఆధారము కానరాదు. క్షమాభిక్షను స్వీకరించుట యనగా నేరము నంగీకరించుటయేయను 1915 నాటి సుప్రీంకోర్టు అభిప్రాయమును ఆయన తనకు ఆలంబనముగా చేసికొనెను. కాని ఊహచే రాబట్టిన అంగీకారము సాక్ష్యపరీక్షకు నిలిచిన నిర్ణయముతో సమానము కానేరదు. 1975 జనవరి 1న నిక్సన్ ముఖ్యసహచరులు హాల్డెమన్, ఎర్లిక్‌మన్, మిచెల్ దోషులుగా తీర్మానింపబడిరి. సేవకులు చెరకేగిరి, ఏలినవాని విషయమున న్యాయస్థానము నోరు విప్పుట కవకాశమే లేకపోయెను.

దక్షిణ కొరియా మార్గము భిన్నము. 1979 డిసెంబరులో సైనికకుట్రచే బలపడిన జనరల్ చున్ డూ-హ్వాన్, మరుసటి యేడు మే నెలలో గ్వాంగ్జు నగరమున తిరుగబడిన పౌరులను సైన్యముచే అణచివేయించెను. విజయము సాధించిన కుట్రను శిక్షింప వీలుకాదని 1995లో ప్రాసిక్యూటర్లు తొలుత చేతులెత్తిరి. ప్రజాగ్రహ మది వినలేదు. ఆ యేడే ప్రత్యేకశాసనము వెలువడెను. 1996 ఆగస్టులో చున్‌కు మరణదండన విధింపబడెను. అది పైకోర్టున యావజ్జీవశిక్షగా తగ్గి, 1997 ఏప్రిలులో సర్వోన్నతన్యాయస్థానముచే స్థిరపడెను. ఆ డిసెంబరులోనే అధ్యక్షుడు కిమ్ యంగ్-సామ్ ఆయనకు క్షమాభిక్ష నొసగి విడుదల చేసెను. కొత్తగా ఎన్నికైన కిమ్ డే-జంగ్ దానికి సమ్మతించెను. 1980లో చున్ ప్రాబల్యము క్రింద సైనికన్యాయస్థానము మరణశిక్ష విధించినది ఈ కిమ్ డే-జంగ్‌కే!

ఆ సమ్మతి మహనీయము. అయినను, తనకు జరిగిన అపకారమును మన్నించు హక్కు ఆయనకున్నదే కాని, గ్వాంగ్జున బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల పక్షమున మన్నించు హక్కు ఆయనకును లేదు, ఏ రాజ్యమునకును లేదు. రాజ్యము శిక్షను తగ్గింపగలదు. క్షమ బాధితుల సొత్తు. 2021లో మరణించువరకు చున్ పశ్చాత్తాపము ప్రకటింపలేదు. అయినను ఆయన మౌనము తీర్పును చెరిపివేయజాలకపోయెను. చెరనుండి విడివడినవాడు నిర్దోషి యని చెప్పుకొను వీలు లేకుండుటయే ఆ పౌర్వాపర్యము యొక్క ఫలము.

మన వాఙ్మయమున ఈ వివేకము క్రొత్తది కాదు. మహాభారత వనపర్వమున ద్రౌపది ధర్మరాజునకు ప్రహ్లాద బలిసంవాదమును వినిపించును. ఎల్లప్పుడు తేజమును, ఎల్లప్పుడు క్షమయు శ్రేయస్కరములు కావని చెప్పిన ప్రహ్లాదుడు, పూర్వోపకారిని, తెలియక తప్పుచేసినవానిని, తొలితప్పు చేసినవానిని మన్నింపవచ్చుననియు, బుద్ధిపూర్వకముగా చేసి తెలియదనువానిని మన్నింపరాదనియు విడదీసి చూపును. ఈ విభాగము విచారణ లేక సాధ్యమా? తెలిసి చేసెనో తెలియక చేసెనో తేల్చకమునుపే మన్నించువాడు దేనిని మన్నించుచున్నాడో ఎరుగడు.

భారతరాజ్యాంగము 72, 161 అధికరణములచే రాష్ట్రపతికి, గవర్నరునకు క్షమాధికార మొసగినది. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక రాజకీయనాయకుని శిక్షను తగ్గించిన ఉత్తర్వును 2006లో సుప్రీంకోర్టు రద్దుచేయుచు, కులము, మతము, రాజకీయవిధేయత ఈ అధికారమునకు ప్రాతిపదికలు కారాదనియు, అది న్యాయసమీక్షకు లోబడినదనియు స్పష్టపరచెను. దయ ప్రభువుయొక్క స్వేచ్ఛాదానము కాదని, కారణములు చెప్పవలసిన ప్రజాధికారమని దీని తాత్పర్యము.

విచారణలు జయించినవారి ప్రతీకారములుగా మారునను భయము నిరాధారము కాదు. దానికి మందు నిష్పాక్షికమైన విచారణయే కాని, విచారణాభావము కాదు. కావున పాలకుని నేరమునకు ముందు సాక్ష్యము, పిదప తీర్పు, ఆపైననే దయ యను క్రమమును శాసనముచే స్థాపించుట ప్రజాస్వామ్యములకు విధి. ఈ క్రమమును తప్పించిన దయ నేటి పాలకుని కాపాడుటతో ఆగక, రేపటి పాలకునకును ధైర్యము నూరిపోయును.