జాన్ వీట్లీ - ఇంటద్దె లెక్క

గ్లాస్గో నగరమున పూర్వము ‘సింగిల్ ఎండ్’ అను నిండ్లుండెడివి. ఇల్లనగా నొక్కటే గది. అందే పొయ్యి, అందే పడక, అందే పురుడు, అందే చావు. మొదటి మహాయుద్ధమునకు ముందు ఆ నగరవాసులలో సగమునకు మించినవారు ఒకటి రెండు గదులలోనే కాపురముండిరి. లోకమునకెల్ల నోడలు గట్టి యిచ్చిన యూరు తన పనివారికి గూడు కట్టలేకపోయెను.

ఇట్టి యింటి బాధ యనుభవించి పార్లమెంటునకు బోయినవాడు జాన్ వీట్లీ. ఈతడు 1869లో ఐర్లండున వాటర్‌ఫర్డు ప్రాంతమున జన్మించెను. తండ్రి బొగ్గుగనిపనికై స్కాట్లండునకు వలసపోగా కుటుంబమంతయు నొక్క గదిలో తలదాచుకొనెను. వీట్లీయు బాల్యముననే గనిలో దిగెను. 1912లో గ్లాస్గో నగరసభలో జేరి, మరుసటి యేట నొక యుపాయము సూచించెను: ట్రాముబండ్ల లాభముతో నగరసభయే చిన్న యిండ్లు కట్టించి, యేటికి 8 పౌనుల యద్దెకు పనివారి కీయవలెను. పెద్దలు దాని నంగీకరింపలేదు.

1915లో, యుద్ధసామగ్రి చేయు పనివారు వచ్చి నిండిన యా యూర, యజమానులు అద్దెలు పెంచిరి. అప్పుడు లేచినవారు స్త్రీలు. మేరీ బార్బర్ మొదలగువారి నాయకత్వమున, జప్తు బంట్రోతు వచ్చినంతనే గంట మ్రోగించి, వీథివారందఱు గుమిగూడి, పిండి చల్లి వాని తఱిమిరి. ఆ డిసెంబరులోనే ప్రభుత్వము అద్దెలను యుద్ధమునకు ముందటి మట్టమున నిలుపుచు శాసనము చేసెను. ఈ యాందోళనమునకు వీట్లీ తోడుపడెను.

1922లో పార్లమెంటు సభ్యుడై, 1924 జనవరిలో ప్రథమ కార్మిక ప్రభుత్వమున ఆరోగ్యమంత్రి యయ్యెను. ఆ ప్రభుత్వము నిలిచినది తొమ్మిది నెలలు. అందు మిగిలిన గట్టిపని వీట్లీ గృహనిర్మాణ శాసనమే యని మా యభిప్రాయము. చదువరులు లెక్కలకు విసుగు చెందరాదు. కథయంతయు నా లెక్కలోనే యున్నది. అంతకుముందటి శాసనము ఇంటికి ఏటేట 6 పౌనులు చొప్పున 20 ఏండ్లు సహాయమిచ్చెను. వీట్లీ దానిని 9 పౌనులు, 40 ఏండ్లు చేసెను. పల్లెలకు మఱికొంత యధికము. ఇండ్లు అద్దెకే యీయవలెను. అద్దె యుద్ధపూర్వపు మట్టమును మించరాదు. తాపీపనివారు “ఇండ్లు ముగిసిన పిమ్మట మాకు పనియేది?” యని జంకగా, 15 ఏండ్ల నిర్మాణక్రమమును చూపి కుఱ్ఱవాండ్రను పనిలో చేర్చుకొనునట్లు వారి నొప్పించెను. 1933లో సహాయ మాగునప్పటికి సుమారు 5 లక్షల యిండ్లు లేచెను. కడుబీదవానికి మాత్రము ఆ యద్దెయు భారమే యయ్యెను.

ఇంకొక మాట దాచుట న్యాయము కాదు. 1924 మే నెలలో డోరా రస్సెల్, హెచ్. జి. వెల్స్ మొదలగువారు వీట్లీని దర్శించి, సర్కారు మాతృశిశు కేంద్రములలో గర్భనిరోధమును గూర్చి అడిగిన తల్లులకు వైద్యులు సలహా చెప్పుట కనుమతింపుడని వేడిరి. ఆతడు కాదనెను. పార్లమెంటు ఆజ్ఞ లేనిదే ప్రజాధన మిందుకు వినియోగింపరాదని కారణము చెప్పెను. ఆతడు నిష్ఠగల కాథలిక్కు; ఆ విశ్వాసమే యడ్డువచ్చెనని మా యనుమానము. ఒక్క గదిలో పదిమంది బిడ్డలను గన్న తల్లి కష్టము ఆతడెఱుగనిది కాదు. తన యూర గంట మ్రోగించినవారును అట్టి తల్లులే.

1930 మే నెలలో వీట్లీ మరణించెను. ఆ యేటనే ఆతని పక్షపు ప్రభుత్వము, ప్రసవము వలన ఆరోగ్యమునకు హాని కలుగు వివాహితలకు ఆ సలహా నొసగవచ్చునని స్థానిక సంఘములకు ననుమతి నిచ్చెను.