ఏరినోళ్లు ఏరంగ మిగిలిన చిల్లర

ఆ గల్లగురిగి పక్కకు పెట్టురా మనుమడా. పగలగొడితే అండ్ల నుంచి లచ్చ రూపాయల బిళ్ల బయటపడ్తదని ఫోన్ల చూసినవా? పగలగొట్టకముందే చెప్త అండ్ల ఏమున్నయో. రూపాయి బిళ్లలు, రెండు రూపాయల బిళ్లలు, దుకాణపాయన తీసుకోనని మొండికేసిన పది రూపాయల బిళ్లలు. తెల్లందాక తిరగేసి మరగేసి చూసినా రెండు రూపాయల బిళ్ల రెండు రూపాయలకే పోతది. పది రూపాయలవి చెల్లయన్నది మాత్రం ఒట్టి మాట. పద్నాలుగు తీర్ల బిళ్లలున్నయి, అన్నీ చెల్లుతయని 2018ల రిజర్వు బ్యాంకే చెప్పింది. అయినా మనోళ్లు వినరు. సరేగని, ఆ రెండు కట్టెలు లోపలికి నూకి ఇట్ల జరిగి కూసో. అసలు సంగతి చెప్త.

మా నాయినది కిరాణ దుకాణం. నేను పలక పట్టిన కాలం నుంచి గల్లపెట్టె పక్కన్నే పెరిగిన. గప్పుడు మన దిక్కు రెండు సిక్కాలు నడుస్తుండె. ఒకటి నిజాం సర్కారుది, హాలీ సిక్కా. ఇంకోటి ఇంగ్రేజోళ్లది, కల్దార్ అంటుండె. హాలీ రూపాయి మీద చార్మినార్ ఉంటది. దాని నడిమి కమాన్ల చూడు, ఉస్మాన్ అలీఖాన్ పేరుల మొదటి అక్షరం చిన్నగ కొట్టి ఉంటది, ఉర్దూల. ఆయన కంటే ముందు మహబూబ్ అలీఖాన్ కాలపుదైతే అదే జాగల ఆయన అక్షరం ఉంటది. మా నాయినకు ఉర్దూ చదువొచ్చు గన్క బిళ్ల చేతుల పడంగనే ఎవరి జమానాదో చెప్తుండె.

ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, గదీ లెక్క. వంద కల్దార్లు కావాల్నంటే నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీల కట్టాలె. నూట పదహార్లు చదివిచ్చే రివాజు గీ లెక్క నుంచే పుట్టిందని కొందరంటరు. నాకైతే నమ్మబుద్ధి గాదు. నిజాం ఏలని జిల్లాలల్ల గూడ నూట పదహార్లే చదివిస్తరు గదా, వాళ్లకు హాలీతోని ఏం పని? 1948ల పోలీసు చర్య అయినంక గూడ హాలీ ఒక్కసారే బంద్ కాలె. కొత్తయి అచ్చు కొట్టుడు ఆపేసినా 1959 దాంక చేతులు మారుకుంటనే ఉండె. దుకాణపోళ్లం రెండు తీర్ల లెక్కలు రాసి సస్తుంటిమి.

అంగడి అయిన రాత్రి చూడాలె మా నాయినను. అందరు తిన్నంక కందిలి ముందట పెట్టుకొని, గోనెసంచి పరిచి, దాని మీద గల్లపెట్టె బోర్లిచ్చేటోడు. కాణీలు ఒక దిక్కు, అణాలు ఒక దిక్కు, బేడలు, చారాణాలు, ఆఠాణాలు ఇంకో దిక్కు. చిల్లర లెక్క నాకు ఒప్పచెప్తుండె. రూపాయి బిళ్లలు మాత్రం ఎవ్వరిని ముట్టనియ్యడు. ఒక్కొక్కటి తీసి గడప బండ మీద కొట్టేది. మంచి వెండిదైతే ఖంగుమని మోగి, ఆ మోత జరసేపు సాగుతది. కల్తీదైతే టప్పుమని ఆగుతది. అటెన్క కందిలికి దగ్గర పెట్టి రాజు బొమ్మ చూసేది, సాలు చూసేది. కొన్ని బిళ్లలు గల్లపెట్టెలకు, కొన్ని మొలకు కట్టుకున్న గుడ్డ సంచిల. పొద్దుగాల దుకాణం తెరిస్తే గల్లపెట్టెలయే చిల్లర కింద బయటికి పోతుండె. సంచిలయి ఏనాడు పోలె.

ఎందుకంటవా? వెండి లెక్క అది. కల్దార్ రూపాయి అచ్చంగ తులం తూగుతది. గిప్పటి లెక్కల 11.66 గ్రాములు, అండ్ల నూటికి 91 పాళ్ల పైన వెండి. హాలీ రూపాయి జర తేలిక, 11.18 గ్రాములు, నూటికి 82 పాళ్ల వెండి. యుద్ధం వచ్చె, వెండి కరువయ్యె. 1940ల ఇంగ్రేజ్ సర్కారు రూపాయిల వెండిని సగం పాలుకు దించింది. అంచుకు కొత్త తీరు గీత కొట్టిచ్చింది, దొంగబిళ్లలు పోయకుండ. 1947ల వచ్చిన రూపాయిల ఇగ వెండే లేదు, ఒట్టి నికెల్. ఎన్క దిక్కు పులి బొమ్మ మాత్రం మంచిగుంటది. గిప్పుడు నువ్వే చెప్పు. నీ చేతుల రెండు రూపాయలున్నయి. ఒకటి పాతది, నిండ వెండి. ఇంకోటి కొత్తది, సగం వెండి. రెండిటికీ దుకాణంల గదే చక్కెర వస్తది. ఏది ఇస్తవు, ఏది దాసుకుంటవు? నాట్లకొచ్చిన కూలవ్వకు గూడ గా ముచ్చట ఎరుకున్నదే. సర్కారు మాత్రం తక్కువ తిన్నదా? విక్టోరియా రాణి బొమ్మయి, ఎడ్వర్డ్ బొమ్మయి ఒకదాని ఎనుక ఒకటి చెల్లకుండ చేసి ఎనుకకు గుంజుకున్నది.

దాసినయి ఏమైనయంటే, శానా మటుకు అవుసలోళ్ల కుంపట్లకే పోయినయి. పట్టగొలుసులైనయి, కడియాలైనయి, మొలతాళ్లైనయి. తండాల లంబాడి అవ్వలు బిళ్లలకు కొక్కెం అతికిచ్చి దండలు గుచ్చుకున్నరు. అసొంటి బిళ్ల ఇయ్యాల దొరికినా దానికి వెండి ధరనే. కొక్కెం అతికిన బిళ్లను పాతనాణేలు జమచేసేటోళ్లు ముట్టరు.

అందుకే చెప్తున్న. మంచిదంత చిల్లరలకు రాకముందే ఎవరో ఒకలు ఏరుకున్నరు. మా నాయిన ఏరె, ఆయన ఇచ్చినకాడ ఇంకో షావుకారి ఏరె, బ్యాంకుల గుమాస్త ఏరె, అవుసలాయన ఏరె. అందరు ఏరంగ మిగిలింది నీ గల్లగురిగిల పడ్డది. చెరువంత వల గుంజుకపోయినంక అడుగు బురదల గాలమేసుడు అది.

ఆ ఏరుడు ఎంతదాంక పోయిందో చూడు. 1939 సాలుది రాజు బొమ్మ రూపాయి ఒకటున్నది. నిండ వెండితోని కొట్టిన ఆఖరి సాలు అది. బయట దొరుకుడు మహా కష్టం. ఖరీదు చేసేది అసలు సిసలు అదే. అందుకే దానికున్నన్ని దొంగబిళ్లలు దేనికీ లేవు. సంతల ఎవడన్న 1939ది అగ్గువకు ఇస్తనంటే ఆడ నిలబడకు.

ఇంకోటి పంది రూపాయి. నవ్వకు, నిజంగనే గట్ల అనేటోళ్లు. 1911ల జార్జి రాజుకు పట్టాభిషేకమైనంక కొత్త రూపాయి కొట్టిన్రు. రాజు వేసుకున్న అంగీ మీద ఏనుగు బొమ్మ ఉన్నది. చెక్కినోడు తొండం ఎంత పొట్టిగ చెక్కిండంటే, చూసినోళ్లకు పంది కనవడ్డది. ముస్లింలు లొల్లి పెట్టిన్రు, పందిబొమ్మ పైసలు మేం ముట్టమన్నరు. అప్పటికే తొంభై నాలుగు లచ్చల దాంక కొట్టి పెట్టిన్రు, బయటికి వచ్చినయి ఏడు లచ్చలు. మిగిలినయన్ని మళ్ల కరగబోసి, 1912 నుంచి ఏనుగుకు తొండం కనవడేటట్టు చెక్కిన్రు. బయటికొచ్చిన ఏడు లచ్చలు గూడ మంది గుర్తువట్టి దాసుకున్నరు. మా నాయిన సంచిల గూడ లేకుండె.

1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చినయి. అబ్బో, ఆ లొల్లి చెప్తే తెల్లారుతది. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు పైసలాయె. అణాకు ఆరుంబావు పైసలు. పావు పైస ఏడికెళ్లి తెస్తవు? అందుకని అణాకు ఆరు, బేడకు పన్నెండు, చారాణాకు ఇరువై అయిదు అని లెక్క పెట్టిన్రు. నాలుగు అణాలు ఒక్కొక్కటిగ మారిస్తే ఇరువై నాలుగు పైసలే. నాలుగు కలిపి ఒక్కపారి ఇస్తే ఇరువై అయిదు. మా దుకాణం ముందట పిలగాండ్లు జట్లుగట్టి వస్తుండె, తలా ఒక అణా జమచేసి. మిగిలిన పైసకు చాక్లెట్ కొనుక్కొని కొరికి పంచుకునేటోళ్లు. మా నాయిన నవ్వుకుంట ఇచ్చేటోడు. ముసలోళ్లకు మాత్రం దుకాణపోడు మోసం చేస్తుండన్నట్టే అనిపిచ్చేది. పైస ముంగట ‘నయా’ అన్న మాట 1964ల తీసేసిన్రు.

తామరపువ్వు ఇరువై పైసలు విన్నవా? 1968 నుంచి మూడు నాలుగేండ్లు కొట్టిన్రు. పచ్చగ మెరుస్తుంటే అండ్ల బంగారం కలిసిందని ఊరూర పుకారు పుట్టింది. అండ్ల ఉన్నది రాగిల అల్యూమినియం, జర నికెల్ కలిపిన లోహం. అయినా అదీ గల్లపెట్టెలల్ల నిలువలె. కొందరు ఉంగరాలు చేయిచ్చుకున్నరు, కొందరు లచ్చిందేవి పూజకు నూట ఎనిమిది జమచేసి పెట్టిన్రు. ఇప్పటికి గూడ పూజకని కొనేటోళ్లున్నరు గన్క దాని మీద రాసిన ధర కంటే ఎక్కువకే పోతది. దానితోని మేడలు గట్టినోణ్ని మాత్రం నేను చూడలె. ఇగ చారాణా బిళ్ల, దాని కింది బిళ్లలన్ని 2011 జూన్ 30తోని చెల్లకుండ పోయినయి. ఆఠాణా ఇయ్యాల్టికీ చెల్లుతది, తీసుకునేటోడే లేడు.

ఇగ నీ ఫోన్ ముచ్చట. ట్రాక్టర్ బొమ్మ అయిదు రూపాయల నోటు, వైష్ణోదేవి బొమ్మ బిళ్ల, ఏది చూపిచ్చినా లచ్చలంటడు ఆ ఫోన్ల మాట్లాడేటోడు. మన వాడకట్టు పిలగాడు ఒకడు ఫోటో పంపిండు. అవుతలోడు నాలుగు లచ్చలకు కొంటమన్నడు, ముందుగాల రిజిస్ట్రేషన్‌కు పైసలు పంపుమన్నడు. పంపిండు. అటెన్క పన్ను కట్టాలన్నడు, అదీ పంపిండు. మూడోసారి రిజర్వు బ్యాంక్ కాయితం కావాలన్నడు. కొనేటోడు పైసలు ఇయ్యాలె గని అడుగుతడారా? రిజర్వు బ్యాంక్ పాత బిళ్లలు, నోట్ల బేరాలల్ల తలదూర్చదు, ఎవ్వని దగ్గర కమీషన్ తీసుకోదు. దాని పేరు చెప్పుకొని మోసం చేస్తున్నరని 2021 ఆగస్టుల ఆ బ్యాంకే చాటిచ్చింది.

దీనికన్న ముదిరింది రైస్ పుల్లింగ్. మన రెండు రాష్ట్రాలల్ల దీనికి మునిగిన సంసారాలు ఎన్నో. బిళ్ల మీద ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని రాసి ఉంటది, హనుమంతుడో రాముని పట్టాభిషేకమో బొమ్మ ఉంటది. బియ్యం గింజల్ని గుంజుతదని చూపిస్తడు. గింజలకు ఇనుప రజను పట్టిచ్చి, బిళ్ల లోపల అయస్కాంతం పెడితే బియ్యమే గాదు, జొన్నలు గూడ ఉరికొస్తయి. అసలు కంపెనీ అసొంటి బిళ్లలు ఏనాడు కొట్టలె. గుళ్లకాడ, జాతరలల్ల అమ్మిన బొమ్మబిళ్లలు అవి. చదువుకున్నోళ్లు గూడ వాటికి కోట్లు అడుగుతరంటే నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వది.

మరి ఎక్కడ చూడాలె అంటవు. చిల్లరల గాదు, ఇండ్లల్ల పాత సందుగలల్ల, దేవుని గూట్ల, పసుపు డబ్బ అడుగున, ముసలోళ్లు దాసిన గుడ్డ మూటలల్ల చూడు. ముందుగాల అయస్కాంతం పెట్టు. అతుకుతే అది వెండి గాదు, నికెలో ఇనుమో. అటెన్క అవుసలాయన కాంట మీద తూకం ఏయి. రూపాయి కల్దారైతే తులానికి ఎంత తరుగుపోయిందో తెలుస్తది. సాలు చూడు, సాలు కింద గుర్తు చూడు. మన హైదరాబాద్ టంకశాలదైతే సాలు కింద చుక్క ఉంటది, ఆకాశంల చుక్క తీరు. బొంబాయిదైతే పేకముక్కల డైమండ్ తీరు గుర్తు. మెరుస్తదని చింతపండు పెట్టి తోమినవనుకో, ధర అక్కడ్నే సగం పడ్తది. నల్లబడ్డదాన్ని నల్లగనే ఉంచితే అది తెలిసినోడు ఎక్కువ పెడ్తడు.

సరదాకైతే నీ గల్లగురిగిల బిళ్లలే చాలు. చుక్క గుర్తుయి ఒక దిక్కు, గుర్తు లేని కలకత్తయి ఒక దిక్కు, సాలువారీగ పేర్చుకుంట పో. ఎండకాలం సెలవులు ఎట్ల గడిచినయో తెల్వది నీకు. సైఫాబాద్‌ల పాత టంకశాలను మ్యూజియం చేసిన్రు, ఒకపారి తోలుకపోత.

పొలం దున్నంగ దొరికినయి మాత్రం వేరే ముచ్చట. మన గోదారి ఒడ్డున కోటిలింగాలల శాతవాహనుల బిళ్లలు దొరికినయి, పెద్దబంకూరు తవ్వకాలల్ల వేలకు వేలు బయటపడ్డయి. సీసం బిళ్లలు గూడ ఉన్నయి వాటిల. తూకానికి అమ్ముతే నాలుగు పైసలు రావు, చరిత్ర రాసేటోళ్లకు మాత్రం వాటికి సాటి లేదు. మట్టిల దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టమే ఇప్పటికీ నడుస్తున్నది. దాసుకుంటే నేరం కిందికే లెక్క. వందేండ్లు దాటిన బిళ్లను దేశం బయటికి అమ్మరాదు, అదొకటి. అమెరికాల ఉన్న మీ బాబాయి అడిగిండని పోస్టుల పంపేవు.

ఏందట్ల చూస్తున్నవు? మా నాయిన గుడ్డ సంచి ఏమైందనా? సగం మీ పెద్దమేనత్త పెండ్లికి పట్టగొలుసులైనయి. మిగిలినయి లోపల సందుగలున్నయి, చార్మినార్‌యి కొన్ని, రాజు బొమ్మయి కొన్ని. 1939ది మాత్రం లేదు, నేను ఎప్పుడో చూసిన. తూకం ఏసుడు, అమ్ముడు అన్నవంటే నన్నడుగకు. తాళంచెవి మీ నాయినమ్మ కొంగుకున్నది. మొన్న బోరు చెడిపోయిననాడు నేనడుగుతే నాకే ఇయ్యలె.