కోలారు సీమ చెరువులును, త్రాగునీటి దోషమును

కర్ణాటక రాష్ట్రమునకు తూర్పు సరిహద్దున నున్న కోలారు సీమలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ముళబాగిలు, శ్రీనివాసపురము, చింతామణి, బాగేపల్లి ప్రాంతములలో ఇంట తెలుగు, బయట కన్నడము వాడుకలో నుండుట పరిపాటి. కైవార నారాయణ తాతయ్య రెండు భాషలందును తత్త్వములు చెప్పుట ఈ కలయికకు నిదర్శనము. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లాయై సీమ రెండుగా విడివడినను, నీటి కష్టము మాత్రము ఉభయులకును ఉమ్మడిగనే మిగిలినది. ఇచట జీవనది యొక్కటియు లేదు. పాలారు, పినాకినులు ఈ ప్రాంతపు కొండలలోనే పుట్టుచున్నను ఏడాది పొడవున పారవు. కావున ఈ సీమ చరిత్ర చాల వరకు చెరువుల చరిత్రయే.

పాలారుపై నున్న బేతమంగల చెరువు ఇందుకు సాక్షి. ఈ యూరి ప్రాచీన నామము విజయాదిత్యమంగలము. తెగిపోయిన చెరువు కట్టను సుమారు 950 ప్రాంతమున ఇరివ నొళంబుడు బాగుచేయించెననియు, మరల తెగగా 1155లో హొయ్సల సేనాని చొక్కిమయ్య నిలబెట్టెననియు శాసనములవలన తెలియుచున్నది. 20వ శతాబ్ది ఆరంభమున కోలారు బంగారు గనుల వారికి త్రాగునీరు ఇచటినుండియే వడగట్టి గొట్టములద్వారా పంపబడెను. గనులు 2001లో మూతపడినవి, చెరువు నిలిచియున్నది.

పూర్వులు నీటి రాశినే గాక గుణమును సైతము విచారించిరి. కడప జిల్లా పోరుమామిళ్ళలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనము మంచి చెరువునకు 12 అంగములను, 6 దోషములను పేర్కొన్నది. తీయని నీటి యేరు అంగములలో నొకటి. చవుడు నేల దోషములలో నొకటి. నాలుకకు తెలిసిన దోషమును వారు ఈ విధముగ తప్పించుకొనిరి. కాని నాలుకకు తెలియని దోషములును కలవు. అట్టిది ఫ్లోరైడు.

దీని చరిత్రలో తెలుగునాటికి మొదటినుండియు సంబంధము కలదు. పండ్లపై గోధుమవన్నె మచ్చలు పడుటకు నీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చిరి. 1937లో హెచ్. ఇ. షార్ట్ ప్రభృతులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. భారతదేశమున ఇదియే తొలి గుర్తింపు. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిషు వైద్య పత్రికలో వ్రాసెను. పండ్లు మచ్చలు పడుట తొలి లక్షణము. ఏండ్ల తరబడి అట్టి నీరే త్రాగినచో కీళ్ళు బిగిసి, వెన్ను వంగిపోవును. వంగిన వెన్నును తిరిగి నిలుపగల మందు లేదు.

కోలారు నేల క్రింద నున్నది కఠినశిల. అందలి కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. నీరు రాతి పగుళ్ళలో ఎంతకాలము నిలిచిన అంతగా అది నీటిలో కరగును. చెరువు నిండినంతకాలము ఊరి బావులలో ఊరినది చాల వరకు క్రొత్త వాననీరే. చెరువులు పూడి, కాలువలు ఆక్రమణల పాలై, వాని స్థానమున బోరుబావులు వెలసిన పిదప పరిస్థితి తారుమారైనది. 1,000 అడుగులు దాటిన లోతునుండి వచ్చు నీరు అనేక సంవత్సరములు రాతితో కాపురము చేసిన నీరు. భారతీయ ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతింపబడినది. ఈ సీమలో అనేక గ్రామముల బోరునీరు ఈ హద్దు దాటినది. ఎరువులనుండియు, మురుగునుండియు చేరు నైట్రేటు దీనికి తోడైనది.

పరిహారమునకును తెలుగునాటి పేరే కలదు. నాగపురము నందలి జాతీయ పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించిన, పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు విధానము ‘నల్లగొండ పద్ధతి’గా ప్రసిద్ధమైనది. 1980లో కదిరి పట్టణమున ఈ పద్ధతిపై నీటి కేంద్రము నెలకొల్పబడినది. అయినను నల్లగొండకు నిజమైన ఊరట కృష్ణాజలము గొట్టములలో ఇంటికి చేరుటవలననే కలిగినది. కోలారునకు అట్టి నది చేరువలో లేదు. గ్రామములలో పెట్టిన శుద్ధి యంత్రములు ఫ్లోరైడును తీయగలవు. కాని పొర మార్చనినాడు, మరమ్మతు ఆగిననాడు, జనము మరల బోరునీటికే మరలవలసినదే.

2018నుండి బెంగుళూరు మురుగునీరు శుద్ధిచేయబడి కోలారు చెరువులకు వచ్చుచున్నది. ఎండిన చెరువులు నిండినవి. బావులలో నీటిమట్టము పెరిగినది. రైతుల సంతోషము సహజము. అయితే మహానగరపు మురుగులో పరిశ్రమల వ్యర్థములును కలియును గనుక, సీసము మొదలగు లోహములను గూర్చి శాస్త్రజ్ఞులును, రైతు సంఘముల వారును మరింత శుద్ధి కావలెనని కోరిరి. సీసమునకు ప్రమాణము లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. దానికి రంగు, వాసన, రుచి తెలియవు. పసిపిల్లల మెదడునకు అది చేయు హాని కంటికి కనబడునప్పటికి కాలము మించును.

శాసనకర్తలు నీటిని నాలుకతో పరీక్షించిరి. నేటి దోషములను పరీక్షాశాలయే చెప్పగలదు. కట్ట వేయుట, పూడిక తీయుట, కాలువ కాపాడుట ఊరి ధర్మమని ఈ సీమ వేయేండ్లుగా ఎరుగును. వానకు ముందొకసారి, పిదప నొకసారి ప్రతి త్రాగునీటి బావిని పరీక్షింపజేసి, ఫలితమును గ్రామసభలో కన్నడమునను తెలుగునను చదివి వినిపించుట ఆ ధర్మమునకు నేడు చేరవలసిన పదమూడవ అంగము.