ఉక్కు సిలిండరులో త్రుప్పు

జగిత్యాల నుండి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పడమరకు సాగే దారికి చేరువలో, గోదావరికి దక్షిణాన కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. అది నేడు నిజామాబాదు జిల్లాలోనిది. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతటా పేరు పొందిన ఆయుధాలకు కావలసిన ఉక్కు ఒకప్పుడు ఈ గ్రామంలోను, చుట్టుపట్ల పల్లెలలోను తయారయ్యేది. పారశీక వర్తకులు స్వయంగా ఇక్కడికి వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కొని పోయేవారు. సర్వే శాఖలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ పరిశ్రమను కళ్ళారా చూచి వివరంగా వ్రాశాడు. ఆయన 1824లో మరణించాడు. ఆ వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ‘ఉక్కు’ అనే మన దక్షిణాది మాటే ఐరోపా వారి నోట ‘వుట్జ్’ అయిందని పండితుల అభిప్రాయం.

ఆ కమ్మరులు చేసిన పనిని రసాయన శాస్త్రం దృష్టితో చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. వాగులలో దొరికే నల్ల ఇసుకలో ఇనుము ఒంటరిగా ఉండదు. అది ఆమ్లజనితో, అనగా ప్రాణవాయువుతో, గట్టిగా పెనవేసుకొని ఉంటుంది. కొలిమిలో బొగ్గు ఆ ఆమ్లజనిని లాగుకొని ఇనుమును విడిపిస్తుంది. ఇట్లా వచ్చిన మెత్తని ఇనుమును బొగ్గుతో పాటు మట్టి మూసలో పెట్టి, మూతి బంకమట్టితో మూసి, తిత్తులతో గాలి ఊది గంటల తరబడి కాల్చేవారు. మూస లోపల నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ళ కర్బనం ఇనుములో కలిసి అది ఉక్కు అవుతుంది. మూసలోకి గాలి చొరకుండా చూడటమే ఈ విద్యకు ప్రాణం.

అయితే ఇంత శ్రమపడి విడదీసిన ఆ రెండూ తిరిగి కలవటానికి కొలిమి అక్కరలేదు, రవంత తేమ చాలు. ఇనుము, నీరు, ఆమ్లజని ఒకచోట చేరితే త్రుప్పు పుడుతుంది. త్రుప్పు అంటే ఇనుము మళ్ళీ ఖనిజంగా మారటమే. అందుకే మన పెద్దలు కత్తికీ కొడవలికీ నూనె పూసి దాచేవారు.

ఊపిరిని మోసే ఉక్కు

కోనసముద్రం మూస గాలిని బయట నిలిపింది. 19వ శతాబ్దంలో పడమటి దేశాల వారు గాలిని ఉక్కు పాత్ర లోపల బంధించటం నేర్చుకొన్నారు. ఫ్రాన్సులో బెన్వా రుకెరోల్ అనే గనుల ఇంజనీరు, విషవాయువు నిండిన గనిలోకి దిగేవారి కోసం 1860లో ఒక శ్వాస సాధనం కనిపెట్టాడు. 1864లో నౌకాదళ అధికారి ఒగుస్త్ దెనెరూజ్‌తో కలిసి దానిని నీటిలో మునిగేవారికి అనువుగా మార్చాడు. ఆనాటి పాత్రలు ఎక్కువ పీడనానికి తాళలేకపోయేవి. 1880 తరువాత జర్మనీలో మానెస్మాన్ సోదరులు అతుకులేని ఉక్కు గొట్టాలు తయారుచేసే పద్ధతి కనిపెట్టాక ఆ చిక్కు తీరింది. 1943లో ఫ్రాన్సులోనే జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి నేటి స్కూబా పరికరానికి మూలమైన ‘ఆక్వాలంగ్’ను రూపొందించారు.

ఇటువంటి సిలిండరు సముద్ర తీరాలకే పరిమితమైన వస్తువు కాదు. రామగుండం ప్రాంతపు బొగ్గు గనుల వంటి చోట్ల రక్షణ దళాలకు, చెడుగాలి నిండిన బావిలోకి దిగవలసిన అగ్నిమాపక సిబ్బందికి, సిరిసిల్ల జిల్లా మానవాడ దగ్గర కట్టిన మధ్య మానేరు వంటి లోతైన జలాశయాలలో వెదకవలసిన ఈతగాళ్ళకు వీపున మోసుకొనిపోయే గాలే ఆధారం. ఆ గాలిని పట్టి ఉంచే పాత్ర ఉక్కుదైనప్పుడు కోనసముద్రం కమ్మరి నాటి పాత శత్రువు లోపల పొంచి ఉంటుంది.

ఎనిమిది గ్రాముల ఇనుము

త్రుప్పు సిలిండరుకు రెండు విధాల కీడు చేస్తుంది. మొదటిది, గోడను తినివేస్తుంది. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణాల పీడనంతో గాలి నింపితే అందులో సుమారు 2,400 లీటర్ల గాలి అణగి ఉంటుంది. గోడ పలుచబడితే ఆ బలం సిలిండరును చీల్చివేయగలదు.

రెండవ కీడు కంటికి కనిపించదు. లెక్క చూస్తే, ఏడు గ్రాముల ఇనుము త్రుప్పుగా మారటానికి మూడు గ్రాముల ఆమ్లజని కావాలి. వాడుక అయిన తరువాత పై సిలిండరులో మామూలు పీడనంతో గాలి మిగిలిందనుకొందాం. అందులో ఆమ్లజని రెండున్నర లీటర్లు, అనగా మూడున్నర గ్రాముల లోపే. దానినంతా హరించటానికి ఎనిమిది గ్రాముల ఇనుము త్రుప్పు పడితే చాలు. సిలిండరు బరువులో అది వెయ్యింట ఒక వంతైనా కాదు. నెలల తరబడి తేమతో మూలపడి ఉన్న సిలిండరులో చివరకు నత్రజని మాత్రమే మిగలవచ్చు.

పీడన మాపకం ఈ మోసాన్ని పట్టలేదు. గాలిలో ఆమ్లజని అయిదవ వంతే గనుక అదంతా పోయినా ముల్లు కొద్దిగానే దిగుతుంది. లోపల ఎంత గాలి ఉన్నదో అది చెబుతుంది గాని ఎటువంటి గాలి ఉన్నదో చెప్పదు. మన శరీరమూ హెచ్చరించదు. ఊపిరాడని బాధ కలిగించేది ముఖ్యంగా బొగ్గుపులుసు గాలి పెరగటమే. ఆమ్లజని తక్కువైన గాలి పీల్చేవాడు బాధ తెలియకుండానే స్పృహ తప్పుతాడు. నీటిలో మరొక అపాయం ఉన్నది. పది మీటర్ల లోతున పీడనం రెట్టింపు గనుక పలుచని ఆమ్లజని కూడా అక్కడ సరిపోయినట్లే ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గి, ఒడ్డు చేరువలో ఉండగా స్పృహ పోతుంది.

నూనె పనికిరాని చోటు

కత్తికి పూసినట్లు సిలిండరు లోపల నూనె పూయవచ్చునా అన్న ప్రశ్న సహజం. పూయరాదు. అధిక పీడనంలోని ఆమ్లజని సమక్షంలో నూనె భగ్గుమని అంటుకొంటుంది. పైగా దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని. అందుచేత ఇక్కడ రెండే రక్షణలు ఉన్నాయి: తేమ చేరనీయకపోవటం, లోపలికి తొంగి చూడటం.

గాలి నింపే యంత్రంలో తేమను పీల్చే పదార్థం సరిగా లేకపోయినా, తడి వాల్వుతో నింపినా, నీటిలో గాలినంతా ఖాళీ చేసినా సిలిండరులోకి నీరు చేరుతుంది. ఉప్పునీరు అయితే మరీ చెరుపు. అందుకే కొంత పీడనం మిగిల్చి వాల్వు మూస్తారు. నిలబెట్టి దాచుతారు. అట్లా చేస్తే చేరిన నీరు మందంగా ఉండే అడుగున నిలుస్తుంది, పలుచని ప్రక్క గోడను తినదు.

పరిశీలించేవారు ముందు గాలిని మెల్లగా వదిలి వాల్వు ఊడదీస్తారు. సన్నని దీపం లోపలికి దించి గోడలను, అడుగును, చిన్న అద్దంతో మెడ మరలను చూస్తారు. సుత్తితో తేలికగా తట్టితే మంచి సిలిండరు గంటవలె మోగుతుంది. త్రుప్పు పేరుకొన్నది మొద్దుగా పలుకుతుంది. పైపై ఎర్రని పొడి మాత్రమే ఉంటే గరుకు గులకలు, నీరు పోసి సిలిండరును గంటల కొద్దీ దొర్లిస్తారు. ఆ వెంటనే వేడినీటితో కడిగి పొడి గాలితో ఆరబెడతారు. ఆలస్యమైతే నిమిషాలలో కొత్త త్రుప్పు పడుతుంది. గుంటలు పడితే సంగతి వేరు. వాటి లోతు కొలుస్తారు. గుంటలు వరుసగా గీతవలె ఏర్పడినా, గోడ మందం హద్దు దాటి తగ్గినా ఆ సిలిండరును మళ్ళీ ఎవరూ నింపకుండా పాడుచేస్తారు.

ఇది గాక జలపీడన పరీక్ష ఉన్నది. సిలిండరును నీటితో నింపి, వాడుక పీడనాన్ని మించి ఒత్తిడి కలిగించి, ఎంత సాగినదీ, తిరిగి ఎంత ముడుచుకొన్నదీ కొలుస్తారు. గాలికి బదులు నీరు వాడటం వలన సిలిండరు పగిలినా పెద్ద ప్రేలుడు కలుగదు. అమెరికాలో స్కూబా సిలిండరులకు ఈ పరీక్ష అయిదేళ్ళకొకసారి తప్పనిసరి. లోపలి పరిశీలన ఏటా చేయించటం అక్కడి ఈతగాళ్ళ ఆచారం. భారతదేశంలో గ్యాస్ సిలిండరుల నియమావళి 1940లో వచ్చింది; 1981, 2004, 2016లలో కొత్త నియమావళులు దాని స్థానం తీసుకొన్నాయి. దాని అమలు నాగపూరు కేంద్రంగా గల పెట్రోలియం, ప్రేలుడు పదార్థాల భద్రతా సంస్థది.

కోనసముద్రం మూసలు చల్లారి చాలా కాలమయింది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలలో తిరిగి ఆనాటి చిట్టెపు కుప్పలను పరిశీలించారు. ఇనుమును ఆమ్లజని నుండి విడదీయటం ఎంత కష్టమో ఆ కుప్పలు చాటుతున్నాయి. ఆ రెండూ తిరిగి కలవటం ఎంత సులభమో త్రుప్పు పట్టిన సిలిండరు చాటుతున్నది. బావిలోకో, గనిలోకో, నీటిలోకో ఒక మనిషిని దించే ముందు అతని వీపు మీది ఉక్కు లోపల ఎట్లా ఉన్నదో ఎవరో ఒకరు దీపం దించి చూచి ఉండాలి.