కోడె, ఎద్దు, వేసెక్టమీ: పాలమూరులో ఒక భయం చరిత్ర

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, పాలమూరు జిల్లాలో జరిగిన ఒక కుటుంబ నియంత్రణ శిబిరం వద్ద ఒక వృద్ధురాలు నన్ను నిలదీసింది. ఆమె కోడలికి అప్పటికే ముగ్గురు సంతానం. రక్తహీనతతో ఆ అమ్మాయి ముఖం పాలిపోయి ఉంది. శస్త్రచికిత్స భర్తకు చేయడమే క్షేమమని సూచించాను. "నా కొడుకు మట్టిపని చేసేటోడు సారూ. కోడెకు నొక్కినట్టు వానికి నొక్కితే రేపు గంప ఎట్ల మోస్తడు?" అని ఆమె అడిగింది. నాగలి లాగేది ఎద్దే కదమ్మా అని నవ్వాను. అది చమత్కారమే గాని సమాధానం కాదు. శస్త్రచికిత్స చివరకు కోడలికే జరిగింది.

ఆనకట్టలకూ కాలువలకూ మట్టి తవ్వడానికి దేశమంతా వలస వెళ్ళిన 'పాలమూరు లేబర్' కుటుంబాలకు ఒంటి బలమే ఆస్తి. అది పోతుందన్న భయాన్ని అజ్ఞానమని తోసిపుచ్చలేము. దాని వెనుక తరతరాల పరిశీలన ఉన్నది. అమ్రాబాద్, నల్లమల ప్రాంతపు పొడ తూర్పు పశువులకు 2020లో ప్రత్యేక జాతిగా గుర్తింపు లభించింది గాని, వాటి కోడెలను దుక్కికి మలచుకోవడం ఇక్కడి రైతులకు ఏనాటి నుంచో తెలిసిన విద్య. విత్తులు నొక్కించిన కోడె పొగరు తగ్గి, కాడికి లొంగి, ఎద్దవుతుంది. మెడ కండ తగ్గుతుంది, ఆవు వంక చూడదు. పశువైద్యశాలలో వాడే బర్డిజో పటకారు విత్తును తాకదు, చర్మాన్ని కోయదు. పైనుండే 'నరాన్ని' మాత్రమే నలుపుతుంది. అయినా కోడె ఎద్దయిపోతుంది. అటువంటప్పుడు, మనిషికి 'నరం కోసే' వైద్యుణ్ణి ఆ రైతు ఎందుకు నమ్మాలి?

చిక్కు అంతా ఆ 'నరం' అనే మాటలోనే ఉన్నది. మనం నరమని పిలిచేది నిజానికి ఒక కట్ట. అందులో రక్తనాళాలు, నాడులు, శుక్రకణాలు ప్రయాణించే సన్నని శుక్రవాహిక కలిసి ఉంటాయి. బర్డిజో పటకారు కట్టనంతటినీ నలుపుతుంది. రక్తం అందక వృషణం క్షీణిస్తుంది. వేసెక్టమీలో వైద్యుడు శుక్రవాహికను మాత్రమే వేరుచేసి, కత్తిరించి, కడతాడు. రక్తనాళాలు చెక్కుచెదరవు.

రక్తనాళాలకు అంత ప్రాధాన్యం ఎందుకో 1849లో గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు కోడిపుంజు పిల్లలపై చేసిన ప్రయోగం చెబుతుంది. వృషణాలు తీసివేసిన పిల్లలు పెరిగినా జుట్టు ఎదగలేదు, కూత లేదు, కొట్లాట లేదు. తీసిన వృషణాన్ని కడుపులో మరొక చోట అతికించిన పిల్లలు మాత్రం నిజమైన పుంజులయ్యాయి. అక్కడ పాత నాడుల సంబంధం లేదు, వాహిక లేదు. కొత్తగా అల్లుకున్న రక్తనాళాలే ఉన్నాయి. అంటే పురుషత్వం రక్తం ద్వారా ప్రయాణిస్తుంది. ఆ పదార్థాన్ని 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాక్వర్ బృందం వేరుచేసి టెస్టోస్టెరోన్ అని పేరు పెట్టింది. దాదాపు 100 కిలోల ఆంబోతు వృషణాల నుంచి వారికి దక్కినది 10 మిల్లీగ్రాములు!

ఈ మధ్యలో ఒక వింత జరిగింది. వియన్నా శాస్త్రవేత్త యూజెన్ స్టైనాఖ్, శుక్రవాహికను కడితే వృషణం తన శక్తినంతా హార్మోను తయారీకి మళ్ళిస్తుందనీ, ముసలితనం వెనక్కి పోతుందనీ భావించాడు. 1923లో సిగ్మండ్ ఫ్రాయిడ్, 1934లో కవి యేట్స్ ఆ శస్త్రచికిత్స చేయించుకున్నారు. యౌవనం తెస్తుందని యూరప్ పెద్దలు ఆశపడిన పని, యౌవనం తీసేస్తుందని మన పల్లెల్లో భయపడిన పని ఒక్కటే. రెండూ తప్పే. వాహికను కట్టినంత మాత్రాన హార్మోను పెరగదు, తగ్గదు.

ఎందుకంటే ఈ గ్రంథుల మధ్య మాటలు నడిచేది రక్తంలోనే. మెదడులోని హైపోథలామస్ ఉండుండి ఒక సంకేతాన్ని వదులుతుంది. దానికి స్పందించి పీయూష గ్రంథి రెండు హార్మోనులను పంపుతుంది. వాటిలో ఒకటి వృషణంలోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టెరోన్ తయారు చేయిస్తుంది. రెండవది శుక్రకణాలను సాకే సెర్టోలీ కణాలను ప్రేరేపిస్తుంది. టెస్టోస్టెరోన్ ఎక్కువైతే మెదడే పగ్గం బిగిస్తుంది. వీర్యంలో అధికభాగం శుక్రాశయాల నుంచీ ప్రోస్టేట్ గ్రంథి నుంచీ వస్తుంది. శుక్రాశయాలు శుక్రకణాలకు ఫ్రక్టోజ్ అనే చక్కెర అందిస్తే, ప్రోస్టేట్ ద్రవం గడ్డకట్టిన వీర్యాన్ని పలుచన చేస్తుంది. బఠాణీ గింజంతటి కౌపర్ గ్రంథులు ముందుగా దారిని తడుపుతాయి. వృషణాల వైపు నుంచి వచ్చే వాటా బహుస్వల్పం. అందుకే వేసెక్టమీ తరువాత వీర్యం పరిమాణంలో భార్యాభర్తలకు తేడా తెలియదు.

ఈ సంగతులు ప్రజలకు ఓపికగా చెప్పవలసిన కాలంలో ప్రభుత్వం బలవంతానికి దిగింది. ఎమర్జెన్సీలో, 1976–77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో 60 లక్షలకు పైగా పురుషులవే. ఆ గాయంతో పురుషులు దూరమయ్యారు, భారం స్త్రీల మీద పడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీల శస్త్రచికిత్స వాటా 37.9 శాతం, పురుషులది 0.3 శాతం. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నంలో ఒకే శిబిరంలో శస్త్రచికిత్స చేయించుకున్న 34 మంది స్త్రీలలో నలుగురు మరణించారు. వేసెక్టమీకి పొట్టలోకి పరికరం దించవలసిన పని లేదు. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతిలో కత్తి గాటు కూడా ఉండదు. చర్మానికి మత్తు సూది, చిన్న రంధ్రం చాలు. కొద్ది రోజులు బరువులెత్తకుండా ఉంటే, తరువాత గంప మోయవచ్చు.

ఒక్క జాగ్రత్త మరువరాదు. వాహికలో అప్పటికే చేరిన శుక్రకణాలు ఒక్కనాటితో ఖాళీ కావు. మూడు నెలల పాటు నిరోధ్ వాడి, ఆ తరువాత వీర్య పరీక్షలో శుక్రకణాలు లేవని నిర్ధారించుకోవాలి. ఈ మాట చెప్పకుండా పంపినందువల్ల భార్య గర్భవతియై, ఆమె శీలాన్నే శంకించిన ఇళ్ళను నేను చూశాను.