మన్రో సమాధులు (గుత్తి, చెన్నపట్నం)

సర్ థామస్ మన్రో (1761–1827) భౌతికకాయం రెండు చోట్ల మట్టిలోకి వెళ్ళింది. మొదట గుత్తి కోట కొండ దిగువనున్న ఇంగ్లీషువారి శ్మశానంలో ఖననం చేశారు. నాలుగేళ్ళ తరవాత అస్థికలను తవ్వితీసి చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

రాయలసీమకు మన్రో అంటే కలెక్టరు దొర. వృత్తిరీత్యా అతను సైనికుడు. గ్లాస్గోలో పుట్టి, 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. దిగిన ఏడే హైదరాలీతో యుద్ధం మొదలైంది. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి ఏడేళ్ళున్నాడు. జమీందారు ప్రమేయం లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకున్న రైత్వారీ పద్ధతి ఇక్కడ పాదుకొన్నది అప్పుడే. పాలెగాళ్ళను అణచినదీ అప్పుడే. ఆ కుటుంబాల వైపునుంచి చూస్తే ఈ కథ వేరుగా ఉంటుంది. 1817–18 మరాఠా యుద్ధంలో బ్రిగేడియర్ జనరల్‌గా కొద్దిపాటి సేనతో బాదామి, బెల్గాం, షోలాపూర్ కోటలు పట్టాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు.

1827లో పదవి వదిలి స్వదేశం వెళ్ళే ముందు, పాత జిల్లాలను ఒకసారి చూసిపోదామని బయల్దేరాడు. భార్య అప్పటికే ఇంగ్లండు వెళ్ళిపోయింది. దారిలో విడిదిలో కలరా చెలరేగింది. జూలై 6న పత్తికొండలో అతనికీ సోకింది, ఆ రాత్రే ప్రాణం పోయింది. మర్నాడు శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చారు.

ఆ చావు చుట్టూ సీమలో ఒక కథ అల్లుకుంది. కడప జిల్లా గండి దగ్గర పాపఘ్ని కొండల్ని చీల్చుకుని పారుతుంది. లంకనుంచి తిరిగొచ్చే రాముడికోసం వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. పోయేకాలం దగ్గరపడ్డ పుణ్యాత్ముల కంటికే అది ఆనుతుందట. మన్రో ఆ దారిన వెళ్తూ తలెత్తి, పైన ఆ తోరణమేమిటని అడిగాడట. పక్కనున్నవాళ్ళకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. ముసలి నౌకరొకడు సంగతి గ్రహించి కుమిలిపోయాడంటారు. తోరణం సంగతి ఎలా ఉన్నా, పరాయి దేశపు దొరను జనం పుణ్యాత్ముల వరసలో చేర్చుకున్నారన్నది కాదనలేని చరిత్ర. బిడ్డలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు.

1831లో అస్థికలు చేరిన సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. మన్రో ఉన్నది చర్చి లోపల. బయటి ఆవరణ చూడదగ్గది: నేలంతా సమాధి పలకలే పరిచి ఉంటాయి, కింద మాత్రం సమాధులు లేవు. ఆ పలకలు కోట వెలుపలి పాత శ్మశానానివి. 1758–59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు శత్రుసైనికులు ఆ గోరీలనే చాటు చేసుకుని కాల్పులు జరిపారు. ముట్టడి తొలగాక గోరీలను పడగొట్టి, పలకలను చర్చి చుట్టూ పరిచారు. హైదరాలీతో యుద్ధకాలంలో వాటిలో కొన్ని బురుజుల మీద ఫిరంగులకు పీటలుగా కూడా పనికొచ్చాయి. అక్షరాలు అరిగినా, చదవగలిగినవి ఇప్పటికీ చాలానే ఉన్నాయి. మన్రో పక్కన అదే చర్చిలో నౌకాసేనాని సర్ శామ్యూల్ హుడ్ (మరణం 1814) కూడా ఉన్నాడు.

చెన్నపట్నంలో మన్రోను తలచుకునేవాళ్ళు ఎక్కువగా చూసేది సమాధిని కాదు, ఫ్రాన్సిస్ చాంట్రీ పోతపోసిన గుర్రపు విగ్రహాన్ని. 1839లో నిలిపిన ఆ కంచు గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు.

అస్థికలు వెళ్ళిపోయినా గుత్తి శ్మశానంలో స్మారక కట్టడం నిలిచే ఉంది. ఊళ్ళో అతని పేరిట సత్రం వెలిసింది. ప్రాణం పోయిన పత్తికొండలో ప్రభుత్వం తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించింది.