లాక్‌డౌన్‌లో రాష్ట్రాల బోర్డర్లు: ఎందుకు ఆపారు? రూల్స్ ఏంటి? కోర్టులు ఏం చెప్పాయి?

2021 మే నెల రెండో వారం. కర్నూలు వైపు నుంచి హైదరాబాద్‌ బయల్దేరిన అంబులెన్స్‌లు పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర వరుసగా ఆగిపోయాయి. లోపల ఆక్సిజన్‌పై పేషెంట్లు, బయట పోలీసులను బతిమాలుకుంటున్న కుటుంబ సభ్యులు. హైదరాబాద్‌లో ఏ హాస్పిటల్‌లో బెడ్ ఖాయమైందో చూపిస్తేనే ముందుకు పంపిస్తామని పోలీసులు తేల్చి చెప్పారు.

అంతకు ఏడాది ముందు సీన్ రివర్స్. 2020 మార్చిలో హైదరాబాద్ హాస్టళ్ల నుంచి సొంతూళ్లకు బయల్దేరిన వారిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. రెండుసార్లూ నలిగిపోయింది మాత్రం మామూలు జనమే.

అసలు ఒక రాష్ట్రం మరో రాష్ట్రం వారిని ఆపొచ్చా? అప్పట్లో ఉన్న రూల్స్ ఏంటి? కోర్టులు ఏమన్నాయి? మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మనం ఏం గుర్తుపెట్టుకోవాలి? పూర్తి వివరాలు ఇవీ.

లాక్‌డౌన్ ఏ చట్టం కింద పెట్టారు?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. అదే రోజు సాయంత్రం తెలుగు రాష్ట్రాలు రెండూ మార్చి 31 వరకు లాక్‌డౌన్ ప్రకటించాయి. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని నరేంద్ర మోదీ దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్ అని ప్రకటించారు. ఆ అర్ధరాత్రి నుంచే అమల్లోకి వచ్చింది. ప్రకటనకు, అమలుకు మధ్య జనానికి దొరికిన టైమ్ నాలుగు గంటలు మాత్రమే.

దీనికి ప్రధానంగా రెండు చట్టాలను వాడారు. ఒకటి బ్రిటిష్ వారి కాలం నాటి 1897 అంటువ్యాధుల చట్టం. రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం. రూల్ దాటిన వారిపై ఐపీసీ సెక్షన్ 188 కింద కేసులు పెట్టారు. విపత్తు నిర్వహణ చట్టంలోని సెక్షన్ 51 కింద అయితే ఏడాది వరకు, ప్రాణనష్టానికి కారణమైతే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత సెక్షన్ 188 ఇప్పుడు అందులో సెక్షన్ 223.

గరికపాడు దగ్గర ఏం జరిగింది?

లాక్‌డౌన్ పడగానే హైదరాబాద్‌లో చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, కూకట్‌పల్లి లాంటి చోట్ల కోచింగ్ తీసుకునే స్టూడెంట్లు, చిన్న ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు, అమ్మాయిలు రోడ్డున పడ్డారు. హాస్టల్ లేదు, టిఫిన్ సెంటర్ లేదు, బస్సు లేదు. దీంతో వాళ్లంతా పోలీస్ స్టేషన్ల ముందు క్యూ కట్టారు. ఊరికి వెళ్లొచ్చంటూ పోలీసులు ఎన్‌వోసీలు ఇచ్చారు.

ఆ కాగితం పట్టుకుని బైకులపై, కార్లలో 65వ నంబర్ జాతీయ రహదారి మీదుగా జగ్గయ్యపేట మండలం గరికపాడు చేరుకున్నారు. అక్కడ గేటు తెరుచుకోలేదు. తెలంగాణ ఇచ్చిన అనుమతి ఆంధ్రప్రదేశ్‌లో చెల్లదన్నారు. లోపలికి రావాలంటే 14 రోజులు క్వారంటైన్‌కు వెళ్లాల్సిందేనన్నారు. చాలామందికి ఆ రాత్రి రోడ్డు మీదే తెల్లారింది. గుంటూరు జిల్లా వైపు పొందుగుల దగ్గర కూడా ఇదే పరిస్థితి.

చివరకు ఇద్దరు ముఖ్యమంత్రులు మాట్లాడుకున్నారు. ఎక్కడి వారు అక్కడే ఉండాలని నిర్ణయించారు. తెలంగాణ పోలీసులు ఎన్‌వోసీలు ఇవ్వడం ఆపేశారు. హాస్టళ్లను ఖాళీ చేయించొద్దని ఓనర్లను ఆదేశించారు. సొంత రాష్ట్రం వారిని బోర్డర్‌లో ఆపాల్సి రావడం బాధగా ఉందని అప్పటి ఏపీ సీఎం వైఎస్ జగన్ మార్చి 26న చెప్పారు.

ఇక్కడ తప్పు ఎవరిది అనే చర్చ చాలా రోజులు నడిచింది. వైరస్ వ్యాపించకుండా ప్రయాణాలు ఆపాలన్న ఏపీ వాదనలో అర్థం ఉంది. తిండి, గూడు లేని వారిని ఊరికి పంపాలన్న హైదరాబాద్ పోలీసుల ఆలోచనలోనూ అర్థం ఉంది. కానీ పక్క రాష్ట్రాన్ని అడగకుండా ఇచ్చిన కాగితం అది. దాన్ని నమ్ముకుని బయల్దేరిన వాళ్లే మధ్యలో ఇరుక్కున్నారు.

నడిచి వెళ్లిన వాళ్ల లెక్క ఎక్కడ?

వలస కార్మికుల బాధ ఇంకా పెద్దది. తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, రూ.500 ఇస్తామని ప్రకటించింది. అయినా పని లేక, ఎప్పుడు తెరుస్తారో తెలియక లక్షల మంది నడక మొదలుపెట్టారు. ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికి వచ్చిన 12 ఏళ్ల బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి అడవి దారిలో నడిచి వెళ్తూ ఇంటికి కొద్ది దూరంలోనే ప్రాణాలు వదిలింది. అది 2020 ఏప్రిల్.

చిక్కుకుపోయిన వారిని తరలించేందుకు కేంద్రం ఏప్రిల్ 29న అనుమతి ఇచ్చింది. లాక్‌డౌన్ మొదలైన ఐదు వారాలకు అన్నమాట. మే 1న మొదటి శ్రామిక్ స్పెషల్ రైలు మన లింగంపల్లి స్టేషన్ నుంచే బయల్దేరింది. దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అదే సమయంలో గుజరాత్‌లోని వెరావల్ హార్బర్‌లో చిక్కుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల మంది బస్సుల్లో సొంత జిల్లాలకు చేరుకున్నారు.

మొత్తం 4,621 శ్రామిక్ రైళ్లలో 63 లక్షల మందికి పైగా ప్రయాణించారు. ఆ రైళ్లలో 2020 సెప్టెంబర్ 9 వరకు 97 మంది చనిపోయారని రైల్వే శాఖ పార్లమెంట్‌కు తెలిపింది. మరి దారిలో నడుస్తూ చనిపోయిన వాళ్లు ఎంతమంది? ఆ డేటా తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ 2020 సెప్టెంబర్‌లో లోక్‌సభకు చెప్పింది. ఈ ఒక్క జవాబుపై దేశమంతా పెద్ద దుమారమే రేగింది.

చివరిచూపు కూడా దక్కలేదు

కేంద్ర హోం శాఖ రూల్స్ ప్రకారం అంత్యక్రియలకు 20 మందికి మించి వెళ్లకూడదు. పక్క జిల్లాలో అమ్మ పోయినా, అన్న పోయినా పాస్ దొరికితేనే ప్రయాణం. పాస్ వచ్చేసరికి అక్కడ అంతా అయిపోయేది. వీడియో కాల్‌లో దహనం చూసిన కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఇంకోవైపు 2020 మే 4న ఏపీలో, మే 6న తెలంగాణలో మద్యం షాపులు తెరుచుకున్నాయి. కిలోమీటర్ల కొద్దీ క్యూలు. చావుకు 20 మంది రూల్, మందుకు మాత్రం రూల్ లేదా అని జనం మండిపడ్డారు. ఆ కోపం ఒక్క మద్యం మీద కాదు, రూల్ అందరికీ ఒకేలా లేదన్న బాధ అది.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. కోవిడ్‌తో చనిపోయిన వారి ముఖం చూడటానికి అసలు నిషేధమే లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బ్యాగ్ జిప్ ముఖం వరకు తీసి బంధువులకు చివరిచూపు చూపించొచ్చు. శరీరాన్ని తాకకుండా మంత్రాలు చదవడం, నీళ్లు చల్లడం లాంటివి చేసుకోవచ్చు. స్నానం చేయించడం, ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం మాత్రం కుదరదు. అస్థికలతో ప్రమాదం లేదని, వాటిని తీసుకోవచ్చని కూడా స్పష్టంగా ఉంది. అయితే భయంతోనో, సిబ్బంది సరిపోకనో చాలా చోట్ల ఈ మాత్రం అవకాశం కూడా ఇవ్వలేదు. రూల్ తెలియక అడగనివాళ్లే ఎక్కువ.

2021 మే: అంబులెన్స్‌లు ఎందుకు ఆగాయి?

సెకండ్ వేవ్ నాటికి సమస్య మారింది. ఈసారి ఇంటికి వెళ్లడం కాదు, బెడ్ దొరకడం. ఏపీలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు. ఆక్సిజన్‌కు దేశమంతా కటకట. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయంతో 11 మంది చనిపోయారని అధికారులు అప్పట్లో చెప్పారు.

రాయలసీమ వారికి పెద్ద వైద్యం అంటే హైదరాబాదే. రాష్ట్రం విడిపోయినా పెద్ద హాస్పిటళ్లు అక్కడే ఉన్నాయి కాబట్టి ప్రాణం మీదికి వస్తే కర్నూలు నుంచి 200 కిలోమీటర్లకు పైగా అటే పరుగు. కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్ మీదుగా కృష్ణా జిల్లా నుంచి వచ్చేవారూ అంతే.

తెలంగాణ ప్రభుత్వం చెప్పిన కారణం ఇదీ: ఏపీతో పాటు మహారాష్ట్ర, కర్ణాటక, ఛత్తీస్‌గఢ్ నుంచి పేషెంట్లు వస్తున్నారు, బెడ్ ఖాయం చేసుకోకుండా వచ్చి అంబులెన్స్‌లోనే హాస్పిటళ్ల చుట్టూ తిరుగుతున్నారు, దానివల్ల వారికీ ప్రమాదమే, ఇక్కడి వారికీ బెడ్లు దొరకడం లేదు. ఇందులో నిజం లేదని అనలేం. కానీ పరిష్కారంగా ఎంచుకున్నది బోర్డర్‌లో ఆపడం.

హైకోర్టు ఏమంది?

మే 10న అంబులెన్స్‌లను ఆపడంపై మే 11న చీఫ్ జస్టిస్ హిమా కోహ్లీ నేతృత్వంలోని తెలంగాణ హైకోర్టు బెంచ్ ఆగ్రహం వ్యక్తం చేసింది. దీంతో వాహనాలను వదిలారు. అయితే ఆ వెంటనే ప్రభుత్వం కొత్త రూల్ తెచ్చింది. ముందుగా హాస్పిటల్‌తో మాట్లాడుకోవాలి, ఆ హాస్పిటల్ కంట్రోల్ రూమ్‌కు దరఖాస్తు చేయాలి, అనుమతి వచ్చాకే ప్రయాణం. ఈ రూల్ చూపించి పోలీసులు మళ్లీ ఆపారు. పుల్లూరు దగ్గర ఆగిన వారిలో ఇద్దరు పేషెంట్లు చనిపోయినట్లు మే 14న వార్తలు వచ్చాయి.

అదే రోజు హైకోర్టు ఆ ఉత్తర్వులపై స్టే ఇచ్చింది. అనుమతి లేదన్న కారణంతో అంబులెన్స్‌లను ఆపొద్దని స్పష్టం చేసింది. కంట్రోల్ రూమ్ ఉండొచ్చు, పేషెంట్లకు సాయం చేయొచ్చు, కానీ దాని అనుమతి ప్రయాణానికి షరతు కాకూడదన్నది కోర్టు మాటల సారాంశం. ఆ తర్వాత అంబులెన్స్‌లు కదిలాయి.

ఇలాంటి వివాదం ఒక్క మన దగ్గరే కాదు. 2020లో కర్ణాటక కేరళ వైపు రోడ్లపై మట్టి పోసి మూసేసింది. కాసరగోడ్ పేషెంట్లు మంగళూరు హాస్పిటళ్లకు వెళ్లలేకపోయారు. అత్యవసర వైద్యానికి దారి ఇప్పించాలని ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక పేషెంట్లను పంపే పద్ధతిపై అంగీకారం కుదిరింది.

విదేశాల్లో ఉన్న తెలుగువారి సంగతి?

2020 మార్చి 22 తర్వాత అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. గల్ఫ్‌లో పని పోయిన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వారు మే 7న వందే భారత్ మిషన్ మొదలయ్యే దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. 2021 మే 4 నుంచి నవంబర్ 8 వరకు అమెరికా భారత్ నుంచి ప్రయాణాలపై ఆంక్షలు పెట్టింది. తల్లిదండ్రుల అంత్యక్రియలకు వస్తే మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలమో లేదో తెలియక చాలామంది హెచ్1బీ ఉద్యోగులు అక్కడే ఉండిపోయారు. ఆస్ట్రేలియా అయితే 2021 మే 3 నుంచి 15 వరకు భారత్ నుంచి వచ్చే సొంత పౌరులపైనే నిషేధం పెట్టింది. దాటితే ఐదేళ్ల వరకు జైలు అని హెచ్చరించింది.

మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఏం గుర్తుంచుకోవాలి?

- దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు రాజ్యాంగంలోని ఆర్టికల్ 19లో ఉంది. ప్రజల మేలు కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు. కానీ అవి చట్టం ప్రకారం, సహేతుకంగా ఉండాలి.

- లోకల్ అడ్రస్ ప్రూఫ్ లేదని, చివరకు గుర్తింపు కార్డు లేదని కూడా పేషెంట్‌ను చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న ఆదేశించింది.

- ఎక్కడైనా ఆపితే ఏ ఉత్తర్వు ప్రకారం ఆపుతున్నారో అడగండి. తేదీ, నంబర్ రాసుకోండి. కోర్టుకు వెళ్లాలంటే అదే ఆధారం.

- లాయర్ ఫీజు కట్టలేని వారికి న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100 ఉంది.

- కోవిడ్ మరణాలకు రూ.50 వేల పరిహారం కూడా అడిగితే వచ్చిందే. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆదేశించాకే దానికి మార్గదర్శకాలు వచ్చాయి.

అప్పట్లో ఏపీ వైపు నుంచి గట్టిగా వినిపించిన వాదన, పదేళ్ల పాటు హైదరాబాద్ ఉమ్మడి రాజధాని అని. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. కాబట్టి ఇకపై ఆ మాట పనికిరాదు. అయితే అంబులెన్స్‌కు దారి ఇవ్వాలనడానికి ఉమ్మడి రాజధాని అక్కర్లేదు. ఆర్టికల్ 21 ఇచ్చే జీవించే హక్కుకు గడువు లేదు. కర్నూలు వారికైనా, కాసరగోడ్ వారికైనా అది ఒక్కటే.